కోఠీ కళాశాల చిత్రం లండన్‌లో భద్రం – మన దస్త్రాల మాటేమిటి?

లండన్ నగరంలోని బ్రిటిష్ లైబ్రరీ భాండాగారంలో హైదరాబాదుకు చెందిన ఒక ముద్రిత చిత్రం భద్రంగా ఉంది. 1813 నాటి హైదరాబాదు బ్రిటిష్ రెసిడెన్సీ భవనం ఆ చిత్రంలోని విషయం. బొంబాయి సైన్యంలో పనిచేసిన రాబర్ట్ మెల్విల్ గ్రిండ్లే అనే అధికారి దానికి మూలచిత్రం గీశాడు. పదిహేడేళ్ల వయసులో, 1803లో ఈ దేశానికి వచ్చిన ఆయన చిత్రకళను ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. కొలువు చేస్తూ తిరిగిన చోట్లనల్లా భవనాలను, మనుషులను, వేషధారణలను గీసి దాచుకున్నాడు. ఆ చిత్రాలను లండన్ పనివాళ్లు ఆక్వాటింట్ పద్ధతిలో లోహపు రేకులపైకి ఎక్కించి, ఆమ్లంతో నీడలు తీర్చి, కాగితంపై అచ్చువేశారు. 1826 నుంచి 1830 వరకు అవి భాగాలుగా వెలువడ్డాయి. గ్రిండ్లేస్ బ్యాంకు పేరు విన్న పెద్దలు మనలో ఇంకా ఉన్నారు. ఆ బ్యాంకుకు మూలమైన సంస్థను 1828లో స్థాపించింది కూడా ఈయనే.

ఆ చిత్రంలోని భవనం మనకు పరాయిది కాదు. హైదరాబాదులో బస్సు దిగిన పల్లెటూరి మనిషి కూడా ‘కోఠీ ఉమెన్స్ కాలేజీ’ అంటే దారి చూపగలడు. ఆ పేటకు కోఠీ అనే పేరు రావడానికి కారణం ఆ భవనమే. తెలంగాణ జిల్లాల నుంచి వెళ్లిన ఎన్నో తరాల ఆడపిల్లలు, వారిలో వేలాది ముస్లిం ఆడపిల్లలు, అక్కడే పట్టభద్రులయ్యారు.

ఒక పరదేశి సైనికాధికారి గీసిన బొమ్మ రెండు వందల ఏళ్లు దాటినా చెక్కు చెదరలేదు. దానికి పట్టికలో ఒక పేరుంది, ఒక సంఖ్య ఉంది. అడిగినవారికి చూపించే ఏర్పాటు ఉంది. మరి మన పెద్దవూరలో గాని, మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేట ప్రాంతాల్లో గాని, మన మస్జిదుకు, ఈద్గాహ్‌కు, ఖబరస్తాన్‌కు, పీర్ల చావిడికి సంబంధించిన మూల పత్రం ఎక్కడుందని అడిగితే ఎంతమంది వెంటనే చెప్పగలరు? ఈ వ్యాసంలో మేము పాఠకుల ముందుంచదలచిన ప్రశ్న ఇదే.

చిత్రంలో ఉన్నది, శీర్షికలో లేనిది

ముందుగా ఆ భవనం సంగతి కొంత వివరంగా చెప్పుకోవాలి. 1803 ప్రాంతంలో దాని నిర్మాణం మొదలైంది. నిజాం దర్బారులో ఈస్టిండియా కంపెనీ ప్రతినిధిగా, అంటే రెసిడెంటుగా ఉన్న జేమ్స్ అకిలిస్ కిర్క్‌పాట్రిక్ దానిని కట్టించాడు. మద్రాసు ఇంజనీర్ల దళానికి చెందిన శామ్యూల్ రస్సెల్ నమూనా గీశాడు. ముందు భాగంలో ఆకాశాన్నంటే స్తంభాలు, మెట్లకు ఇరువైపులా రెండు సింహాలు, లోపల విశాలమైన దర్బారు హాలు ఉంటాయి. ఖర్చులో అధికభాగం భరించింది నిజాం ప్రభుత్వం. స్థలం కోసం కిర్క్‌పాట్రిక్ పెద్ద పటం తెచ్చి చూపితే నిజాం నిరాకరించాడనీ, అదే స్థలాన్ని చిన్న కాగితం మీద గీసి చూపితే సమ్మతించాడనీ ఒక కథ చెప్పుకుంటారు. కథ ఎంత నిజమైనా, అందులో ఒక నీతి మాత్రం నిజం. కాగితం మీద ఏది ఎంత పెద్దదిగా కనిపిస్తుందో, దానిని బట్టే భూముల తలరాత మారుతుంది. రెవెన్యూ దస్త్రాల మధ్య ఉద్యోగ జీవితం గడిపిన మాకు ఈ సంగతి కొత్తది కాదు.

ఆ ప్రాంగణంలోనే ‘రంగ్ మహల్’ అనే జనానా ఉండేది. కిర్క్‌పాట్రిక్ వివాహమాడిన ఖైరున్నిసా బేగం నివాసం అది. ఆమె హైదరాబాదు దివాను మీర్ ఆలం బంధువర్గానికి చెందిన కులీన కుటుంబపు యువతి. ఆ వివాహం కంపెనీ ప్రభుత్వాన్ని కలవరపెట్టింది, విచారణలు జరిగాయి. పిల్లలిద్దరినీ 1805లో చదువు పేరిట ఇంగ్లండుకు పంపారు. అదే ఏడాది అక్టోబరులో కిర్క్‌పాట్రిక్ కలకత్తాలో మరణించాడు. తల్లి తన పిల్లలను మళ్లీ చూడలేదు. కొన్నాళ్లు మచిలీపట్నంలో ప్రవాసం గడిపి, హైదరాబాదుకు తిరిగివచ్చి, చిన్న వయసులోనే 1813లో కన్నుమూసింది.

1813 అన్న సంవత్సరాన్ని పాఠకులు గమనించాలి. గ్రిండ్లే చిత్రానికి పెట్టిన శీర్షికలో ఉన్నది కూడా అదే సంవత్సరం. భవనం పేరు ఉంది, నగరం పేరు ఉంది, చిత్రకారుని పేరు ఉంది. ఆ ప్రాంగణంలో బతికిన, అదే ఏడు మరణించిన స్త్రీ పేరు లేదు. ఎండలో రాళ్లు మోసిన కూలీల పేర్లు, స్తంభాలకు నునుపు తీర్చిన తాపీ పనివారి పేర్లు అసలే లేవు. రంగ్ మహల్‌ను కూడా 1860వ దశకంలో పడగొట్టారు. పర్దాలో ఉండే బేగం భవనపు ముందు భాగాన్ని చూడలేదు గనుక ఆమె కోసం తోటలో కట్టించారని చెప్పే ఒక చిన్న నమూనా కట్టడం మాత్రం మిగిలింది.

ఆ ఇద్దరు పిల్లలను ఇంగ్లండుకు పంపేముందు జార్జ్ చిన్నరీ అనే చిత్రకారుడు గీసిన వర్ణచిత్రం ఇప్పుడు హాంకాంగ్‌లో ఒక బ్యాంకు సొత్తుగా ఉంది. కూతురు పెద్దదైన తరువాత, హైదరాబాదులో ఉన్న అమ్మమ్మ షరఫున్నిసా బేగంతో ఉత్తరాలు నడిపింది. ఆ ఉత్తరాలు దక్కినందువల్లనే ఆ వేదన లోకానికి తెలిసింది. దాచిన ఉత్తరం సాక్ష్యమవుతుంది. దాచని ఉత్తరం బూడిద అవుతుంది.

1857 జూలై 17

ఆ భవనానికి మరొక చరిత్ర ఉంది. అది మన పిల్లలందరికీ తెలియవలసినది. 1857 జూలై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్‌ల నాయకత్వంలో రోహిల్లాలు, నగర ప్రజలు ఆ రెసిడెన్సీపై దండెత్తారు. తమవాడైన జమేదారు చీదా ఖాన్‌ను బ్రిటిష్ వారికి అప్పగించారన్న ఆగ్రహం దానికి తక్షణ కారణం. ఫిరంగుల ముందు ఆ దాడి నిలవలేదు. పట్టుబడి తప్పించుకున్న తుర్రెబాజ్ ఖాన్‌ను 1859లో కాల్చి చంపారు. మౌల్వీ అలావుద్దీన్‌ను అండమాన్ దీవులకు పంపారు. ఆయన అక్కడే తుదిశ్వాస విడిచారు. 1857 అనగానే మీరట్, ఢిల్లీ, ఝాన్సీ పేర్లు చదివే మన పిల్లలకు, మన రాజధాని నడిబొడ్డున జరిగిన ఈ తిరుగుబాటు గురించి ఒక్క పాఠమైనా సరిగా అందడం లేదు. ‘స్వాతంత్ర్య పోరాటంలో మీ వాటా ఏమిటి?’ అని అడిగేవారికి కోఠీలోని ఆ గోడలే సమాధానం చెప్పగలవు. అయితే గోడలు వాటంతట అవి మాట్లాడవు. వాటి పక్కన ఒక ఫలకం ఉండాలి. ఆ ఫలకం చదివి వివరించే మనిషి ఉండాలి.

బ్రిటిష్ వారు వెళ్లిపోయాక, 1949లో ఆ భవనంలోకి ఉస్మానియా విశ్వవిద్యాలయ మహిళా కళాశాల వచ్చింది. 1924లో మొదలైన ఆ కళాశాల అంతకుముందు వేరొక చోట నడిచేది. సామ్రాజ్యపు అధికార పీఠం ఆడపిల్లల తరగతి గదిగా మారడం మన దేశంలో జరిగిన మంచి మార్పులలో ఒకటని మా అభిప్రాయం. తరువాత భవనం శిథిలమవసాగింది. 2002లో ప్రపంచ స్మారక నిధి దానిని ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో చేర్చింది. మరమ్మతులు ఎట్టకేలకు ఇటీవలి సంవత్సరాల్లో పూర్తయ్యాయి. 2022లో కళాశాల మహిళా విశ్వవిద్యాలయమైంది. 2024లో దానికి వీరనారి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు.

ఐలమ్మ పేరు పెట్టడాన్ని మేము మనస్ఫూర్తిగా స్వాగతిస్తున్నాము. విసునూరు దేశముఖ్‌ను ఎదిరించి తన పొలాన్ని, పంటను కాపాడుకున్న ఆ తల్లి తెలంగాణ ఆడపిల్లలందరికీ ఆదర్శం. అదే దేశముఖ్ దౌర్జన్యానికి ఎదురు నిలిచి 1940లో హత్యకు గురైన కామారెడ్డిగూడెం రైతు షేక్ బందగీ మనవాడు. న్యాయస్థానంలో తన భూమి హక్కును గెలుచుకున్నందుకే ఆయన ప్రాణాలు తీశారు. ‘మా భూమి’ నాటకం ఆయన గాథను ఊరూరా చెప్పింది. ఐలమ్మ పేరు, ఖైరున్నిసా పేరు, తుర్రెబాజ్ ఖాన్ పేరు ఒకే ప్రాంగణంలో కలిసి ఉండగలవు. ఒకరి పేరు నిలపడానికి మరొకరి పేరు చెరపవలసిన అవసరం లేదు. ఈ సంగతి పాలకులు గుర్తించాలి, మన యువకులూ గుర్తించాలి.

‘బొమ్మలతో కడుపు నిండుతుందా?’

ఇలాంటి విషయాలు ఎత్తినప్పుడు మూడు రకాల అభ్యంతరాలు వినిపిస్తుంటాయి. ఉద్యోగాలు లేవు, ఫీజులు కట్టలేకపోతున్నాం, పాత భవనాల బొమ్మలతో ఏం పని అంటారు కొందరు. అది ఒక తెల్ల దొర ఇల్లు, మనకెందుకు అంటారు మరికొందరు. మనం కూలీనాలీ చేసుకునేవాళ్లం, దూది ఏకినవాళ్లం, నవాబుల మేడలు మన చరిత్ర ఎలా అవుతాయి అంటారు ఇంకొందరు.

మూడవ అభ్యంతరాన్ని మేము ఎక్కువగా గౌరవిస్తాము. నిజమే, మనలో అత్యధికులు ఏనాడూ మేడలలో ఉన్నవారు కారు. ఆ కారణం చేతనే దస్త్రం మనకు మరింత అవసరం. నవాబు పేరు అతని మేడ చెబుతుంది, పేదవాడి పేరు కాగితం తప్ప మరేదీ చెప్పదు. గుడిసె కూలిపోతుంది, మనిషి మట్టిలో కలుస్తాడు. పాఠశాల ప్రవేశ రిజిస్టరులో, ఖాజీ గారి నికాహ్ పుస్తకంలో, పహాణీలో ఒక్క వరుస ఉంటే ఆ మనిషి ఈ నేల మీద బతికాడని రుజువవుతుంది. రెండవ అభ్యంతరానికి సమాధానం పైన చెప్పిన చరిత్రలోనే ఉంది. ఆ ఇల్లు దొరది కావచ్చు, ఖర్చు ఈ నేలది, చెమట ఈ నేలది, దానిపై తిరుగుబాటు చేసిన రక్తం కూడా ఈ నేలదే.

ఇక మొదటి అభ్యంతరం. కాగితం కడుపు నింపుతుందా అని అడిగేవారు వక్ఫ్ ఆస్తుల పరిస్థితి చూడాలి. 2025లో పార్లమెంటు చేసిన వక్ఫ్ సవరణ చట్టం, చిరకాల వినియోగం వల్ల వక్ఫ్‌గా గుర్తింపు పొందే పద్ధతిని ఇకముందుకు తొలగించింది. అప్పటికే నమోదైన ఆస్తులను కూడా ‘ఉమీద్’ పోర్టల్‌లో వివరాలతో నమోదు చేయాలని గడువు విధించింది. ఆ చట్టంపై న్యాయపోరాటం నడుస్తోంది. దాని న్యాయాన్యాయాల గురించి ఈ పత్రిక పాఠకులకు కొత్తగా చెప్పనక్కరలేదు. మేము చెప్పేది ఒక్కటే. తాతల కాలం నుంచి నమాజు చేస్తున్నామన్న మాట ఇకపై సరిపోదు, కాగితం చూపాలి. కాగితం లేనిచోట ఖబరస్తాన్ పోతుంది, దుకాణాల అద్దె పోతుంది, ఆ అద్దెతో చదవవలసిన అనాథ పిల్లవాడి ఫీజు పోతుంది. దస్త్రానికీ అన్నానికీ సంబంధం లేదని ఎలా అనగలం?

కాగితం ఎక్కడుంది? ఎవరు చదవగలరు?

హైదరాబాదు రాజ్యంలో వక్ఫ్‌లకు సంబంధించిన పత్రాలు లేకుండా పోలేదు. ధర్మాదాయాలను ‘కితాబుల్ అవ్‌ఖాఫ్’ అనే పుస్తకంలో నమోదు చేసేవారు. ఇనాములకు, సేవా భూములకు ‘మున్‌తఖబ్’ జారీ అయ్యేది. గ్రామ భూములకు సేత్వార్, పహాణీలు ఉండేవి. 1954-55 నాటి ఖాస్రా పహాణీని నేటికీ న్యాయస్థానాలలో చూపుతున్నారు. తార్నాకలోని రాష్ట్ర పురాభిలేఖాగారంలో మొగలుల కాలం నుంచి నిజాముల కాలం వరకు పర్షియన్, ఉర్దూ దస్త్రాలు అపారంగా ఉన్నాయి. అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం 1891లో ఆసఫియా గ్రంథాలయంగా మొదలైనదే. నిధి ఇంటిలోనే ఉంది, తాళంచెవే పోయింది.

ఆ తాళంచెవి భాష. ఫసలీ సంవత్సరానికి 590 కలిపితే క్రీస్తుశకం వస్తుందన్న చిన్న లెక్క కూడా నేటి యువకులలో చాలామందికి తెలియదు. ఉర్దూ అచ్చు పుస్తకం చదివేవారు కూడా, పాత మున్షీలు గొలుసుకట్టుగా రాసిన షికస్తా లిపి ముందు ఆగిపోతున్నారు. 2022లో ఇరాన్ సంస్థ నూర్ ఇంటర్నేషనల్ మైక్రోఫిల్మ్ సెంటర్‌తో మన రాష్ట్రం ఈ దస్త్రాల డిజిటలీకరణకు ఒప్పందం చేసుకుంది. మంచిదే. అయితే బొమ్మ తీసి దాచినంత మాత్రాన పెద్దవూర రైతుకు ఒరిగేదేమీ లేదు. అతడు అడిగిన పత్రానికి ధ్రువీకృత నకలు, దానితోపాటు తెలుగు అనువాదం చేతికందినప్పుడే ఆ పని పూర్తవుతుంది.

పాలకుల వైఖరి కూడా ఇక్కడ ప్రస్తావించక తప్పదు. 2017 నవంబరులో రాష్ట్ర వక్ఫ్ బోర్డు రికార్డు గదికి ప్రభుత్వం తాళం వేసి ముద్ర వేసింది. అక్రమాలను అరికట్టడానికని చెప్పారు. ఉద్దేశం ఏదైనా, దస్త్రాలను ప్రజలకు అందకుండా మూసివేస్తే మేలు కలిగేది కబ్జాదారుకే. దొంగకు కావలసింది చీకటి కదా!

నాగార్జునకొండ నేర్పిన పాఠం

రికార్డు విలువ ఏమిటో మన పెద్దవూర ప్రాంత వాసులకు ఎవరూ దూరం నుంచి వచ్చి చెప్పనక్కరలేదు. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది. నాగార్జునకొండ లోయ మునిగిపోనున్నదని తెలిసి, ప్రభుత్వం ఏళ్ల తరబడి తవ్వకాలు జరిపించింది. ఇక్ష్వాకుల నాటి విహారాలను, స్తూపాలను కొలతలు తీసి, పటాలు గీసి, కొన్నింటిని రాయిరాయిగా విప్పి కొండపైన, అనుపు వద్ద తిరిగి నిలబెట్టించింది. పదిహేడు వందల సంవత్సరాల నాటి విద్యాస్థానపు ఆనవాళ్లను నేడు మన పిల్లలు విహారయాత్రలో చూస్తున్నారంటే, నీళ్లు రాకముందే ఎవరో కాగితం మీద రాసి పెట్టినందువల్లే. నీళ్లు వచ్చాక ఎవరూ ఏమీ చేయలేరు. మన దస్త్రాల విషయంలో నీటిమట్టం ఇప్పటికే మోకాళ్లు దాటింది.

చేయవలసినవి

ప్రభుత్వాన్ని మేము కోరేవి మూడు. కోఠీ భవన ప్రాంగణంలో ఖైరున్నిసా బేగం జీవితాన్ని, 1857 జూలై 17 ఘటనను తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు భాషలలో తెలిపే ఫలకాలు నిలపాలి. గ్రిండ్లే చిత్రం నకలును బ్రిటిష్ లైబ్రరీ నుంచి తెప్పించి దర్బారు హాలులో ప్రదర్శించాలి. పురాభిలేఖాగారంలోని ఉర్దూ, పర్షియన్ రెవెన్యూ, వక్ఫ్ పత్రాలకు జిల్లా కేంద్రంలోనే నకలు, అనువాదం లభించే ఏర్పాటు చేయాలి. అందుకు ఉర్దూ పట్టభద్రులను నియమిస్తే మన పిల్లలకు ఉపాధి కూడా దొరుకుతుంది.

ప్రభుత్వం చేసేదాకా మనం చేతులు కట్టుకుని కూర్చోకూడదు. ప్రతి మస్జిద్ కమిటీ ఒక దస్త్రాల పుస్తకం తెరవాలి. మస్జిద్, ఈద్గాహ్, ఖబరస్తాన్, పీర్ల చావిడి ఒక్కొక్కదానికి ఒక పుట కేటాయించి సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు వైపుల హద్దులు, గెజిట్ వివరాలు, ప్రస్తుత ఛాయాచిత్రం అందులో చేర్చాలి. లేని పత్రాల కోసం సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాలి. మన రాష్ట్రంలో గ్రామస్థాయి కార్యాలయానికి రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, పై కార్యాలయాలకు 10 రూపాయలు. వచ్చిన ప్రతి పత్రానికి మూడు నకళ్లు తీసి మూడు చోట్ల ఉంచాలి. ముతవల్లీ మారినప్పుడు పుస్తకాన్ని జాబితా ప్రకారం సంతకాలతో అప్పగించాలి.

ఇళ్లలో ఉన్న పాత సనదులను, ఉత్తరాలను, ఛాయాచిత్రాలను పారవేయవద్దు. లామినేషన్ అసలే చేయించవద్దు. ఆ వేడికి, జిగురుకు పాత కాగితం శాశ్వతంగా పాడవుతుంది. శుభ్రమైన నూలుగుడ్డలో చుట్టి తడి తగలని చోట ఉంచాలి. ఛాయాచిత్రం వెనుక పెన్సిలుతో పేర్లు, ఊరు, సంవత్సరం రాయాలి. ఇంటిలో నానీ, దాదీ ఉన్నంతకాలం వారి మాటలు విని రాయించే పనిని చదువుకున్న ఆడపిల్లలకు అప్పగించాలి. ఖైరున్నిసా పేరు శీర్షికలోకి ఎక్కకపోవడానికి కారణం ఆనాడు రాసినవారెవరూ ఆమె వైపువారు కాకపోవడమే. మన ఇంటి స్త్రీల గాథను మన ఆడపిల్లలే రాయాలి.

అందుకు ముందు వారు చదవాలి. ఇంటర్మీడియట్ కాగానే దూరాభారమని పిల్లను ఇంట కూర్చోబెట్టే తల్లిదండ్రులు మన ప్రాంతంలో ఇంకా ఉన్నారు. వారి భయాన్ని మేము తేలికగా తీసుకోవడం లేదు. భద్రమైన వసతి గృహం కోసం కలిసి అడుగుదాం, అవసరమైతే జిల్లా కమిటీల చందాలతోనైనా ఏర్పాటు చేసుకుందాం. కంపెనీ దొరలు దర్బారు నడిపిన హాలులో మన కూతురు పట్టా అందుకోవడానికి పెద్దవూర నుంచి ఒక బస్సు ప్రయాణమే అడ్డు కాకూడదు.

దైవప్రవక్త ముహమ్మద్ (స) పై అవతరించిన మొదటి ఆదేశం చదవమన్నది. ఆ వెంటనే ప్రస్తావన వచ్చినది కలం గురించి. బఖరా సూరాలో అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు లేఖకుని చేత రాయించాలని, సాక్షులను ఉంచాలని, మొత్తం చిన్నదైనా పెద్దదైనా రాయడానికి బద్ధకించవద్దని విపులమైన ఆజ్ఞ ఉంది. ఇంత స్పష్టంగా రాతను విధిగా చెప్పిన ధర్మాన్ని అనుసరించేవారి దగ్గర కాగితాలు లేవంటే లోపం ధర్మానిది కాదు. తాతలు రాయించినదాన్ని దాచడం, దాచినదాన్ని చదవడం, చదివినదాన్ని పిల్లలకు అప్పగించడం మన మీద ఉన్న అమానతు. వచ్చే జుమా నాడు ప్రతి మస్జిద్ కమిటీ ఒక తెల్ల పుస్తకం కొని, మొదటి పుటలో తన మస్జిదు సర్వే నంబరు రాసి ఈ పని మొదలుపెట్టాలని మా విన్నపం. అల్లాహ్ మన ప్రయత్నాన్ని స్వీకరించుగాక!